దావత్, ఖులా: ఒక చారిత్రక పరిశీలన

దావత్ అన్న అరబీ పదం ఉర్దూ ద్వారా తెలంగాణ తెలుగులో కలిసిపోయింది. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 2016 నుండి మంచిర్యాల జిల్లాలో చేరిన శ్రీరాంపూర్ వంటి బొగ్గుగనుల ప్రాంతంలో విందును మతంతో నిమిత్తం లేకుండా దావత్ అనే అంటారు. భార్య కోరికపై వివాహబంధం తెగే పద్ధతి అయిన ఖులాకు మాత్రం అంతటి పరిచయం లభించలేదు. పిలిచిన విందుకు పోకపోవడం తప్పని ఎరిగినవారు అనేకులు. స్త్రీ విడాకులు కోరడం ఎప్పుడు తప్పో, ఎప్పుడు ఆమె హక్కో ఎరిగినవారు కొందరే. నిజానికి ఈ రెండు విషయాలలోనూ ఇస్లాం బోధన ఒకే తీరున సాగుతుంది. అందులో హెచ్చరిక ఉంది, హెచ్చరికకు షరతూ ఉంది. షరతును విడిచి హెచ్చరికను మాత్రమే పట్టుకున్నప్పుడు నష్టపోయేది బలహీనులే.

ముందుగా ఆహ్వానం సంగతి. ఆహ్వానాన్ని అంగీకరించడం ఒక ముస్లింపై మరో ముస్లింకు గల హక్కులలో ఒకటని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతున్నది. మేక కాలిగిట్ట వండి పిలిచినా తాను వెళతానని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఒక దర్జీ పిలుపుపై వెళ్ళి బార్లీ రొట్టె, సొరకాయ కూర ఆరగించారు. ధనికులను పిలిచి పేదలను విడిచిపెట్టే వలీమా భోజనం అన్నిటికంటె చెడ్డదని హెచ్చరించినదీ ఆయనే. అయితే ఈ ఆజ్ఞకు మినహాయింపులున్నాయి. ఉపవాసి విందుకు వెళ్ళి దుఆ చేస్తే చాలు. హజ్రత్ అలీ (రజి) విందుకు పిలిచినప్పుడు ఇంట్లో చిత్రాలు కనబడగా దైవప్రవక్త (స) వెనుదిరిగారని హదీసు గ్రంథాలలో ఉంది. నిషిద్ధమైనవి ఉండి, వాటిని మాన్పించే శక్తి లేనప్పుడు పోనవసరం లేదని ధర్మశాస్త్రవేత్తలు దీనినిబట్టి నిర్ణయించారు.

ఇక విడాకుల సంగతి. కారణం లేకుండా భర్తను విడాకులు కోరే స్త్రీకి స్వర్గపు సువాసన కూడా నిషిద్ధమని హజ్రత్ సౌబాన్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు పెద్దలు తరచు వినిపించేది ఇదే. కాని కష్టమేదీ లేకుండా అన్న షరతు ఆ హదీసులోనే ఉంది. ఆ కష్టం దెబ్బలే కానక్కరలేదని మరొక హదీసు చాటుతుంది. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, భర్త శీలంలోగాని ధర్మనిష్ఠలోగాని లోపం లేదని, అయినా అతనితో కాపురం చేస్తూ విధులు తప్పుతానేమోనని భయంగా ఉందని విన్నవించారు. మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇస్తావా అని మాత్రమే ఆయన అడిగారు. ఆమె సరేనన్నారు. తోట తీసుకుని ఒక తలాఖ్ ఇవ్వమని సాబిత్‌ను ఆదేశించారు. దివ్య ఖుర్ఆన్ అల్‌బఖరా సూరా 229వ ఆయతు ఈ విధానానికే ఆధారం.

తరువాతి కాలంలో హనఫీ న్యాయం ఖులాకు భర్త సమ్మతి అవసరమన్నది. అదే సమయంలో తప్పు భర్తదైతే అతడు ప్రతిఫలం పుచ్చుకోవడం మక్రూహ్ అనీ అన్నది. భర్త ఒప్పుకోనప్పుడు స్త్రీకి దారి మూసుకుపోయింది. బ్రిటిష్ ఇండియాలో కొందరు స్త్రీలు వివాహం నుండి బయటపడడానికి మతాన్నే విడిచే స్థితి ఏర్పడింది. దీనికి కలత చెందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930ల ఆరంభంలో మాలికీ న్యాయాన్ని ఆసరాగా తీసుకుని "అల్ హీలతున్నాజిజా" రచించారు. ఆ కృషి ఫలితమే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. భర్త జాడ 4 సంవత్సరాలు తెలియకున్నా, 2 సంవత్సరాలు పోషణ జరపకున్నా, క్రూరంగా ప్రవర్తించినా భార్య కోర్టును ఆశ్రయించవచ్చును. ఈ చట్టం వలన ఆమె మహర్ హక్కు చెడదు. నిజాం సంస్థానంలో భాగమై ఉండిన తెలంగాణకు ఈ చట్టం 1959 నాటి 48వ చట్టం ద్వారా, 1960 ఫిబ్రవరి 1 నుండి వర్తించింది.

ఖులాపై చర్చ అంతటితో ఆగలేదు. భర్త సమ్మతి లేకున్నా కోర్టు ఖులా ఇవ్వవచ్చునని పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. ఈజిప్టు 2000లో ఇందుకు చట్టమే చేసింది. ఖులా భార్యకు గల సంపూర్ణ హక్కు అనీ, దానికి భర్త అంగీకారం అవసరం లేదనీ తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో ప్రకటించింది. ముఫ్తీ ఇచ్చే ఖులానామా సలహా మాత్రమేనని కూడా పేర్కొన్నది. సమ్మతి లేని ఖులా చెల్లదనే ఉలమాల వాదన ఇప్పటికీ బలంగానే ఉంది. అభిప్రాయభేదం ఎంతటిదైనా, ఆ స్త్రీని నిరవధికంగా నిలిపి ఉంచే హక్కు ఎవరికీ లేదన్న విషయంలో భేదానికి తావు లేదు. భార్యను గాలిలో వేలాడుతున్నట్లు వదలరాదని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలోనే ఆదేశముంది.

అదే సూరా 35వ ఆయతు భార్యాభర్తల మధ్య చీలిక ఏర్పడినప్పుడు ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమని ఆదేశిస్తున్నది. ఈ ఆదేశం దంపతులకే కాదు, వారి బంధువర్గానికీ సమాజానికీ కూడా వర్తిస్తుంది. వలీమాకు పిలిస్తే వెళ్ళడం విధి అయినప్పుడు, ఆ విందు తిన్నవారే ఆ కాపురం కష్టంలో పడిన నాడు పిలుపు వినిపించనట్లు ఉండడం ఏ విధంగా సమంజసం? సంధి సాధ్యమైతే సంధి, కానప్పుడు మేలైన రీతిలో విడుదల. మధ్యవర్తులుగా కూర్చునే పెద్దలు హదీసును సగం కాక పూర్తిగా చదివితే ఈ రెండవ పిలుపుకు కూడా న్యాయమైన జవాబు దొరుకుతుంది.