ఒకే పోలిక గల కంతులు

గర్భాశయపు గోడలో గుండ్రని గట్టి కంతి కనబడినచో అది చాలవరకు ప్రాణాపాయము లేని ఫైబ్రాయిడే. కాని ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సరు కూడ అదే రూపమున దాగియుండును. ఇచట పొరపాటు పడినచో, సంతానము కోరు యువతి నిష్కారణముగ గర్భాశయమును పోగొట్టుకొనవచ్చును; లేదా క్యాన్సరు గల స్త్రీ నిశ్చింతగ ఇంటికి పోవచ్చును.

ఈ కంతులు నారతో గాక గర్భాశయపు కండర కణములతోనే ఏర్పడునని 1854 లో జర్మను శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో చూపెను. అయినను 'నారగడ్డ' అను అర్థము గల ఫైబ్రాయిడ్ పేరే నేటికిని నిలిచియున్నది. తప్పు పేర్లకు ఆయువు ఎక్కువ కాబోలు!

పుట్టుక తెలిసినంత మాత్రమున స్వభావము తెలియదు. క్యాన్సరు కణములు త్వరత్వరగ విభజన చెందును గదా! కావున కంతినుండి పలుచని పొరను కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో పది దృష్టిక్షేత్రములందు విభజన చెందుచున్న కణములను లెక్కించు పద్ధతి వచ్చెను. పది లేక అంతకు మించి యున్నచో క్యాన్సరని తలచెడివారు. ఇంత సులభమైన లెక్కలో ఒక చిక్కు కలదు. దృష్టిక్షేత్రము అన్ని సూక్ష్మదర్శినులలోను ఒకే వైశాల్యము కలది కాదు. వ్యాసము 0.4 మి.మీ. ఉన్న క్షేత్రముకంటె 0.6 మి.మీ. ఉన్నది రెండుంబావు రెట్లు పెద్దది. ఒకచోట అయిదుగ లెక్కకు వచ్చినవి మరియొకచోట పదకొండు కావచ్చును. కంతి అదే, రోగి ఆమెయే, నిర్ణయము మాత్రము తలక్రిందులు! ఈ లోపమును 1981 లో ఎల్లిస్, వైట్‌హెడ్ ఎత్తి చూపిరి.

గర్భాశయపు లోపొరకు ఆధారముగ నుండు కణజాలము నుండియు కంతులు పుట్టును. అట్టివాటిని 53 పరీక్షించి 1966 లో నారిస్, టేలర్ అంచును చూడవలెనని చెప్పిరి. అంచు నున్నగ నున్నచో నిరపాయకరము; కండరములోనికి, నాళములలోనికి చొచ్చుకొని పోయినచో క్యాన్సరు. అందుచేతనే లోపొరను గీకి తీసిన ముక్కలతో నిర్ణయము తరచుగ సాధ్యపడదు. ఆ ముక్కలలో అంచు ఉండదు.

1994 లో స్టాన్‌ఫర్డునందు బెల్, కెంప్సన్, హెండ్రిక్‌సన్ చిక్కు కలిగించిన 213 కండర కంతులను పరిశీలించి, విభజనల సంఖ్య ఒక్కటే చాలదనిరి. కంతిలో మృతి చెందిన భాగములు, కేంద్రకముల వికృతరూపము, విభజనల సంఖ్య, ఈ మూడును కలిపి చూడవలెను.

తరువాత రసాయనిక గుర్తులు వచ్చినవి. డెస్మిన్, కాల్డెస్మాన్ అను ప్రోటీనులు కండర కణములను, సి.డి. 10 ఆధార కణములను పట్టియిచ్చును. అయితే సి.డి. 10 కండర కంతులలోను అప్పుడప్పుడు కనబడును. ఆధార కణముల కంతులు పెక్కింటిలో 7 వ, 17 వ క్రోమోసోముల జన్యువులు రెండు అతుకుకొనియుండునని 2001 లో వెల్లడియైనది. కాని ఆ అతుకు నిరపాయకరమైన కంతులలోను కలదు! కనుక మరల అంచునే చూడవలసివచ్చుచున్నది.

ఇన్ని చూచినను ఏ వర్గమునకును చెందని కండర కంతులు కొన్ని మిగులును. వాటిని 'స్వభావము అనిశ్చితము' అని వ్రాసి, ఆ రోగులను ఏండ్ల తరబడి కనిపెట్టి చూచుచుందురు.