నల్లమల దారులు – చెంచుల మార్గదర్శకత్వం

ఘాట్ రోడ్డు లేని కాలంలో శ్రీశైల యాత్రికులు నడిచిన ముఖ్యమైన బాటల్లో ఆత్మకూరు నుండి నాగలూటి, పెచ్చెర్వు మీదుగా సాగేది ఒకటి. నల్లమలలో వారికి దారి చూపి, రక్షణగా నిలిచినవారు చెంచులు. అందుకు యాత్రికుల నుండి రుసుము పొందడం వారి ఆనవాయితీ హక్కు.

అడుగుజాడను బట్టి జంతువును పోల్చడం, ఎండిన వాగులో చెలమను గుర్తించడం వేట, తేనె, దుంపల సేకరణలతో సాగిన జీవనంలో అబ్బిన విద్య. 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్, 1943లో వెలువరించిన గ్రంథంలో ఆ జీవనాన్ని వివరంగా నమోదు చేశాడు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడింది. విద్యకు ఆధారమైన జీవనం నిషిద్ధం కాగా, ఆ విద్య మాత్రం అటవీశాఖకు అవసరమైంది. చెంచులు బేస్‌క్యాంపుల్లో కాపలాదారులుగా, సందర్శకులకు మార్గదర్శకులుగా కుదిరారు. ఒకనాటి హక్కు స్థానంలో వేతనం వచ్చింది.

2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ విజ్ఞానంపై సామూహిక హక్కును గుర్తించింది. అయితే ఈ విజ్ఞానం అడవిలో నివసిస్తేనే తరువాతి తరానికి అందుతుంది. కనుక చెంచుల నివాసహక్కును విస్మరించి వారి మార్గదర్శకత్వాన్ని నిలుపుకోవడం సాధ్యం కాదు.