గ్రహాన్వేషణ: ఆటలోనూ, బేగంపేటలోనూ

అంతరిక్షం మీద తయారయ్యే వీడియో ఆటలకు అభ్యుదయ సాహిత్య పత్రికలో చోటెందుకని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. విశ్వాన్ని గురించిన వూహ ఒక తరానికి ఎక్కడ తయారవుతున్నదో విమర్శకుడు అక్కడికి వెళ్ళక తప్పదని నా సమాధానం. మన పెద్దల తరానికి ఆ వూహను 1957లో స్పుత్నిక్, 1961లో గగారిన్ యిచ్చారు. నేను పాఠం చెప్పే విద్యార్థులకు అది ఆటల్లో దొరుకుతున్నది. నేను వుండేది ముషీరాబాద్‌లో. వారానికొకసారి విద్యానగర్ మీదుగా ఉస్మానియా లైబ్రరీకి వెళతాను. అక్కడి విద్యార్థులతో కలిసి తార్నాక దాకా పోయి టీ తాగటం అలవాటు. కొంతకాలంగా ఆ టీ దగ్గర కవిత్వం కన్న రాబోయే ఆటల ముచ్చటే ఎక్కువ. వాళ్ళ మొదటి ప్రశ్న, "ఎన్ని గ్రహాలుంటయట?" రెండవది, "దిగి తిరగొచ్చునా?" మూడవది, "మన పేరు పెట్టుకోవచ్చునా?" యీ మూడవ ప్రశ్నే నన్ను చరిత్ర తిరగవెయ్యటానికి పురికొల్పింది.

గ్రహాల సంఖ్య గురించి ముందు చెప్పుకుందాం. 1984లో డేవిడ్ బ్రాబెన్, యియాన్ బెల్ అనే యిద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు బి.బి.సి. మైక్రో అనే చిన్న కంప్యూటరు మీద 'ఎలీట్' అనే ఆటను రాశారు. అందులో 8 గెలాక్సీలు, ఒక్కొక్కదానిలో 256 లోకాలు. వాళ్ళ గణిత సూత్రం అంతకన్న ఎన్నో రెట్లు ఎక్కువ పుట్టించగలదు. కాని ప్రచురణకర్తలు వద్దన్నారు. అన్ని వుంటే లోకాలన్నీ ఒకే అచ్చులో పోసినవని ఆడేవాడు పసిగడతాడని వారి భయం. 2016లో వచ్చిన 'నో మాన్స్ స్కై'కి ఆ భయం లేదు. తనలో 18,446,744,073,709,551,616 గ్రహాలున్నాయని అది చాటుకున్నది. యివి ఎక్కడా దాచిపెట్టి వుండవు. విత్తనం లాంటి ఒక అంకెను సూత్రంలో వేస్తే, ఆటగాడు దగ్గరకు వచ్చిన క్షణాన కొండలూ, మేఘాలూ, జంతువులూ మొలుస్తాయి. అతను వెళ్ళిపోగానే మాయమవుతాయి. 2023 సెప్టెంబరులో విడుదలైన 'స్టార్‌ఫీల్డ్' వెయ్యికి పైగా గ్రహాలన్నది. దిగి చూసిన ఆటగాళ్ళలో చాలామంది అవి బోసిగా వున్నాయని విసుక్కున్నారు.

యిక 'స్టార్ సిటిజన్' వుంది. 2012లో జనం దగ్గర చందాలు వసూలు చెయ్యటం మొదలుపెట్టి, 2022 నాటికి 50 కోట్ల డాలర్లు దాటించారు. ఆట పూర్తికాక ముందే, యింకా బొమ్మ దశలో వున్న అంతరిక్ష నౌకలను సైతం జనం డబ్బిచ్చి కొన్నారు. హైదరాబాదు వాసికి యిది విడమరచి చెప్పనక్కరలేదు. ముళ్ళపొదలు కొట్టకముందే రంగుల బ్రోచరు చూపించి ప్రీ లాంచ్ ధరకు ప్లాటు అమ్మటం మనం నిత్యం చూస్తున్నదే.

అయితే నా అభ్యంతరం ధర గురించి కాదు. యీ ఆటల్లో చాలావాటికి ఒక సామాన్య నియమం వుంది. ఒక గ్రహం దగ్గరకు మొదట చేరినవాడు దాన్ని 'కనుగొన్నవాడు' అవుతాడు. 'నో మాన్స్ స్కై'లో అతను గ్రహానికీ, దాని మీది చెట్టుకూ, పురుగుకూ పేరు పెట్టవచ్చు. 2014లో వచ్చిన 'ఎలీట్: డేంజరస్'లో అతని పేరు పటంలో నిలిచిపోతుంది, తెచ్చిన సమాచారాన్ని పటాలు గీసే సంస్థకు అమ్మి సొమ్ము చేసుకోవచ్చు. ఆ తరవాత ఖనిజాలు తవ్వటం. కొలంబస్ చేసిన పనికీ దీనికీ వరుసలో తేడా లేదు. యిక్కడ అడ్డుపడే ప్రజలు మాత్రం వుండరు. సామ్రాజ్యవాదానికి యింతకన్న సుఖమైన కల ఏముంటుంది?

నిజమైన ఆకాశాన్వేషణ ఎలా జరిగిందో తెలుసుకోవటానికి మనం దూరం పోనక్కరలేదు. తార్నాకలో మెట్రో ఎక్కితే అదే లైనులో బేగంపేట వస్తుంది. అక్కడ సెస్ అని మనం పిలిచే ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం వుంది. తెలంగాణ వ్యవసాయం మీద పనిచేసిన మన మిత్రులెందరికో అది తెలిసిన చోటు. దాని చిరునామాలో 'నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్' అన్న మాట వుంటుంది. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించినవారు తక్కువ.

1901లో జఫర్ జంగ్ అనే నవాబు 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టుకున్నాడు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకున్నది. 1908లో చాట్‌వుడ్ డైరెక్టరుగా వచ్చి బేగంపేటకు మార్చాడు. అప్పటికే ప్రపంచంలో ఒక పెద్ద పని నడుస్తున్నది. ఆకాశాన్నంతటినీ ఫొటోలు తీసి, ఒక పరిమితి వరకు కాంతి వున్న ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలిచి కేటలాగు వెయ్యాలని 1887లో పారిస్ సభ తీర్మానించింది. ఆకాశాన్ని పట్టీలుగా కోసి వివిధ దేశాల వేధశాలలకు పంచారు. దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల దాకా వున్న పట్టీ చిలీలోని శాంటియాగోది. వారి వల్ల కాలేదు. అది హైదరాబాదు నెత్తికెత్తుకున్నది. 1914లో ఫొటోలు మొదలయ్యాయి. అది పూర్తయ్యే వేళకు జర్మనీలోని పోట్స్‌డామ్ చెయ్యలేక వదిలిన పనిలోంచి ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల పట్టీ కూడా హైదరాబాదుకే వచ్చింది. 1914లో పొకాక్, 1918లో టి.పి. భాస్కరన్ డైరెక్టర్లయ్యారు. 1919లో వేధశాల ఉస్మానియా యూనివర్సిటీ కిందికి చేరింది.

పని ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పాలి. 8 అంగుళాల కెమెరా దూరదర్శినితో గాజుపలక మీద ఫొటో తీస్తారు. పలకకు రెండేసి డిగ్రీల చదరపు ఆకాశం పడుతుంది. దాని మీద 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున గళ్ళు పడి వుంటాయి. రాత్రి పని అక్కడితో సరి. పగలు ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, గడిలో నక్షత్రం అడ్డంగా ఎంత దూరాన వుంది, నిలువుగా ఎంత దూరాన వుంది కొలవాలి. అంకె రాసుకోవాలి. పక్క నక్షత్రానికి పోవాలి. యిట్లా లక్షల సార్లు. వాటికన్నిటికీ చేతి లెక్కలు. యీ పని చేసినవారు ఏ గ్రహాన్నీ కనుగొనలేదు. దేనికీ పేరు పెట్టలేదు. వాటికన్నిటికీ వాళ్ళు యిచ్చినది సంఖ్యలే.

సంపుటాలు డైరెక్టర్ల పేర్ల మీద వెలువడ్డాయి. యిది హైదరాబాదు సంగతే కాదు. వాటికన్ పట్టీని 1910 నుండి 1921 దాకా కొలిచినవారు నలుగురు సన్యాసినులు. 4,81,215 నక్షత్రాలు కొలిచారు. వారి పేర్లు లోకానికి వెల్లడయింది 2016లో, అదీ ఒక పూజారి పాత కాగితాలు సర్దుతూ చూడటం వల్ల. హైదరాబాదు బల్లల దగ్గర కూర్చున్న గుమాస్తాలకు అటువంటి పూజారి యింకా దొరకాలి.

యిక్కడ మన మిత్రులు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు, యిదంతా నవాబుల వినోదం, దేశ్‌ముఖుల కింద వెట్టి చేసిన రైతు కట్టిన శిస్తుతో ఆడిన ఆట అంటారు. మరొకరు, మన హైదరాబాదు ఘనత చూశారా అని మురిసిపోతారు. శిస్తు మాట నిజమే; ఆ ఖజానా నిండినది గ్రామాలనుండే. కాని శిస్తుతో కట్టిన ప్రతి మేడా ఒకటి కాదు. నవాబు కొన్న దూరదర్శిని అతని ముచ్చటగానే వుండి వుంటే అతనితో పోయేది. అది ప్రపంచ శ్రామిక విభజనలో ఒక వంతు పనిగా మారింది కనుకనే నిలిచింది. ఎలా నిలిచిందో చూడండి. 1989లో యూరపు దేశాలు ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం మూడేళ్ళకు పైగా నక్షత్రాలను కొలిచింది. కాని నక్షత్రం చలనం తెలియాలంటే మూడేళ్ళు చాలవు. పాత స్థానం తెలియాలి. 2000లో 25 లక్షల నక్షత్రాలతో వెలువడిన టైకో-2 కేటలాగు ఆ పాత స్థానాల కోసం యీ గాజుపలకల కొలతలనే ఆశ్రయించింది. బేగంపేటలో 1914లో రాసుకున్న అంకె ఎనభై ఏళ్ళకు పైగా గడిచాక పనికి వచ్చింది. అదే ఉత్తరపు పట్టీలో మన అభిజిత్తు వుంది. దాని చుట్టూ గ్రహాలు తయారయ్యే ధూళి వంటిది వుందని 1983లో బయటపడింది. 2009లో ఎగిరిన కెప్లర్ వేల గ్రహాలను పట్టుకున్న ఆకాశఖండపు దక్షిణపు అంచు కూడా హైదరాబాదు పట్టీలోకే వస్తుంది.

'ఎలీట్: డేంజరస్'లోని 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థల్లో సుమారు లక్షన్నర నిజమైన కేటలాగుల నుండి తీసుకున్నవి. అందులో హైదరాబాదు అంకెలే వున్నాయని నేను వాదించటం లేదు. కేటలాగు ఆటలోకి వచ్చేసరికి దాని వెనక వున్న పని కనుమరుగై, అది ప్రకృతిలాగా, ఎవడైనా వెళ్ళి జెండా పాతటానికి సిద్ధంగా వున్న బంజరులాగా కనిపిస్తుందన్నదే నా వాదన. మార్క్స్ మృతశ్రమ అన్నది యిదే. నిజంగా కొలిచినవాడికి పేరు లేదు. ముందే సూత్రంలో వున్నదాని దగ్గరకు మీట నొక్కి చేరినవాడు అన్వేషకుడు. బతికి వున్న శ్రమ సంగతీ అంతే. నా దగ్గర బి.ఏ. చదివిన కుర్రవాడొకడు యిప్పుడు మాదాపూర్‌లో విదేశీ ఆటలకు బొమ్మల పని చేస్తున్నాడు. ఏం చేస్తున్నావంటే, "రాళ్ళు చేస్తున్న సార్" అన్నాడు. ఒక రాయికి నాచు, పగులు, తడి అన్నీ దిద్దటానికి రెండు రోజులు పడుతుందట. ఆట ఆడేవాడికి అది గ్రహం మీద దొరికిన రాయి.

యింత చెప్పి యీ ఆటలు నల్లమందు అని కొట్టివెయ్యటం నాకు యిష్టం లేదు. 2019లో 'ఎలీట్: డేంజరస్' ఆడే పదివేల మందికి పైగా ఒక యాత్రగా బయలుదేరి, గెలాక్సీ అవతలి అంచుకు కలిసి ప్రయాణం చేశారు. నియమాలు అడగని సహకారం అది. ఎవరికి వారు జెండాలు పాతుకునే ఆటలోనే అది పుట్టింది.

పేరు పెట్టటంలోనూ తప్పు లేదు. మన పల్లెల్లో పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క అన్నారు. తెల్లవారుజామున నాగలి కట్టేవాడికీ, మంద కాసేవాడికీ పొద్దు తెలియటానికి పెట్టుకున్న పేర్లవి. వాటి మీద ఎవడి హక్కూ రాసి లేదు.

నగరం దీపాలు పెరిగి బేగంపేటలో ఆకాశం కనిపించక, 48 అంగుళాల దూరదర్శినితో కొత్త వేధశాలను యూనివర్సిటీ వారు 1968లో జాపాల్-రంగాపూర్ గ్రామాల దగ్గర ప్రారంభించారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు శాస్త్రజ్ఞులు అక్కడ కెమెరాలు బిగించుకుని కూర్చున్నారు. ఆ రోజు మన వీధులు నిర్మానుష్యం. జనం తలుపులు మూసుకుని లోపల వున్నారు. వేధశాలకూ వూరికీ మధ్య ఆ తలుపు యింకా పూర్తిగా తెరుచుకోలేదు. మొన్న మంచాల వైపు నుండి వచ్చిన విద్యార్థి ఒకడు, ఆటలో తను కనుగొన్న గ్రహానికి తన వూరి పేరు పెట్టుకున్నానని తెలుగు అక్షరాలతో ఫోనులో చూపించాడు. వాళ్ళ వూరికి కొద్ది దూరంలో ఆ దూరదర్శిని వుందని అతనికి ఎవరూ చెప్పలేదు.