ఎఱ్ఱగుడి బండలపై రెండు నెమళ్లు



గుత్తికి సమీపమున, కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి గ్రామమున అశోకచక్రవర్తి ధర్మశాసనములు చెక్కిన బండలు కలవు. 20 ఏండ్ల క్రిందట విద్యార్థులను వెంటబెట్టుకొని నేనచ్చటికి బోయితిని. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దపు లిపి. అందొక శాసనమున కొన్ని పంక్తులు కుడినుండి యెడమకు నడచును, పిల్లలకదియే వింత. నాకు వింతయైనది వేఱొకటి.

బౌద్ధోపాసకుడైన ఆ రాజు జీవహింస వలదని లోకమునకు జెప్పుచు, తన వంటయింటి లెక్కను దాచలేదు. పూర్వము కూరకై దినదినము లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేయనియు, ఆ లేడియు నిత్యము కాదనియు, ఇకముందు ఆ మూడును చంపబడవనియు వ్రాయించెను. తన లోపమునిట్లు అంకెలతో ఱాతికెక్కించిన ప్రభువును నేను మఱియొకని నెఱుగను.

భిక్షువులకు వినయనియమములు మున్నే కలవు: చెట్టు నఱకరాదు, నేల త్రవ్వరాదు. వానకాలమున పచ్చగడ్డిని, పురుగులను త్రొక్కుచు తిరుగుచున్నారని జనులు నిందింపగా, ఆ కాలమున నొకచోటనే వసించు నియమమేర్పడెను. సన్న్యాసికిది చెల్లును. వల, నాగలి, పొయ్యి కలవారికెట్లు?

పట్టాభిషేకమైన 26 ఏండ్లకు ఉత్తరదేశపు స్తంభములపై చెక్కించిన శాసనమున ఇందుకు యత్నము కానవచ్చును. చిలుకలను, గోరువంకలను, గబ్బిలములను చంపరాదు. పాలిచ్చు మేకలను, ఆఱునెలలు నిండని పిల్లలను చంపరాదు. వృథాగా అడవులు కాల్పరాదు. ప్రాణులున్న ఊకను కాల్పరాదు. ఉపయోగపడనివియు, తినబడనివియు నగు చతుష్పాదులన్నియు అవధ్యములట! ఎవరును తినని దానిని కాపాడుట యేమి గొప్పయని మా సహాధ్యాపకుడొకడు నవ్వెను. చేపలకభయము కొన్ని తిథులయందే. నెమలి పేరాపట్టికలో లేనేలేదు.

నేను నవ్వలేకపోతిని. బెస్తవాని పొయ్యి రాజునకు గుర్తున్నదని నాకు తోచినది. నిషేధములవలన కలిగినది స్వల్పము, నచ్చజెప్పుటవలన కలిగినదే యధికమని ఏడవ స్తంభశాసనమున ఆయనయే యొప్పుకొనెను. బాటలవెంట మఱ్ఱిచెట్లు నాటించిన సంగతియు, బావులు త్రవ్వించిన సంగతియు నందే కలవు. కాని ఎఱ్ఱగుడిలోనే, పదుమూడవ శాసనమున, అడవిజనులకు దండనభయము చూపెను. అడవిని కాల్పవలదన్నవాడు అడవిలోని మనుష్యులనిట్లు బెదరించుట నాకు నేటికిని మింగుడుపడదు.

ఊకమాట చదివిననాడు సిగ్గుపడితిని. ఆ యేడే మా కళ్లములోని ఊకకుప్పకు నిప్పు పెట్టించితిని, లోపలనేమున్నదో చూడలేదు. మరుసటి యేడు పాలేరు అగ్గిపెట్టె తీయగా ఆగుమంటిని. కుప్పనంతను పారతో తిరుగవేయించితిని. తొండలు, ఎలుకపిల్లలు, ఒక ముంగిస వెలువడెను. రెండు దినముల కూలి అదనమయ్యెను. ఆ యెలుకలు పిమ్మట మా గాదెకే చేరినవి.