చెంబే రేవులో మిట్టమధ్యాహ్నం

పదకొండున్నర దాటింది. ఇసుక మీద చెప్పులు విప్పారో, అరికాలు బొబ్బలెక్కుతుంది. మీరొక బావోబాబ్ చెట్టు నీడలో నిలబడ్డారు. గోల్కొండ నయా ఖిల్లాలో హతియాన్ కా ఝాడ్ చూసినవాళ్లకు ఈ ఏనుగు ఒంటి చెట్టు కొత్తేమీ కాదు. కొత్తది ఎదురుగా ఉన్న నీరు. మలావి సరస్సు దక్షిణపు కొన, కేప్ మెక్లియర్, చెంబే గ్రామం. ఉప్పులేని సముద్రంలా అలలు వచ్చి పోతున్నాయి. తడకల మీద ఆరబోసిన ఉసిపా చేపలు ఇంచుమించు మన మెత్తళ్లంత ఉన్నాయి. గాలి నిండా వాటి వాసనే.

నడుముకు చితెంజే గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు మోకాలి లోతులో వంగి గిన్నెలు తోముకుంటున్నారు. వాళ్లకు కాస్త ఎడంగా ఏడెనిమిది మంది కుర్రాళ్లు, ఒకే మాను తొలిచి చేసిన పడవ మీదికెక్కి ఒకరి వెనక ఒకరు దూకుతున్నారు. ఈ ఎండకు మీకూ దిగాలనిపిస్తుంది. దిగకండి. మీకైతే దిగకపోయినా చెల్లుతుంది. వాళ్లకు ఈ నీళ్లే కుళాయి, స్నానాల గది, పొలం.

ఆ పిల్లల కాళ్ల కింద ఇసుకలోనూ, నీటి మొక్కల కాడల మీదా గోరంతేసి నత్తలున్నాయి. బులైనస్ అంటారు వాటిని. కొన్ని నత్తల ఒంట్లో ఒక పురుగు పిల్లలు వేలకొద్దీ తయారవుతాయి. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు అవి గుంపులుగా నత్తను వదిలి నీళ్లలోకి వస్తాయి. అర మిల్లీమీటరు ఒళ్లు, చివర చీలిన తోక. రెండు రోజుల్లోగా మనిషి ఒళ్లు దొరక్కపోతే చచ్చిపోతాయి. చర్మం తగిలిందంటే నిమిషాల్లో తోక అక్కడే వదిలేసి లోపలికి దూరతాయి. పడవ మీంచి దూకినవాడికి కాసేపు దురద పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు కూడా. ఎలా కుదుర్చుకుందో గాని, పిల్లలు ఈతకు దిగే వేళకే ఈ పురుగూ నీళ్లలోకి వస్తుంది.

రేవు నుంచి నాలుగడుగులు వేస్తే రేకుల కప్పు క్లినిక్. జుట్టులోంచి ఇంకా నీళ్లు కారుతున్న పదేళ్ల కుర్రాడి చేతికి ఆరోగ్య కార్యకర్త ఒక ప్లాస్టిక్ కప్పు ఇచ్చింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రమ్మనొచ్చుగా అనిపిస్తుంది మీకు. కానీ ఈ పురుగు గుడ్లు మూత్రంలో ఎక్కువగా పడేది పదింటికీ రెండింటికీ మధ్యనే. వాడు గోడ చాటుకు వెళ్లాడు. ధార మామూలుగానే మొదలైంది. తీరా ఆగిపోయే ముందు మొహం చిట్లించాడు. ఆఖరి నాలుగు చుక్కలు ఎర్రగా పడ్డాయి.

కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. భయమేమీ లేదు, వాళ్లన్నకూ ఇంతే. ఆఫ్రికాలో చాలా ఊళ్లలో మగపిల్లాడికి ఇలా ఎర్రగా పడితే ఈడొచ్చిందనుకునేవారు. చిచేవా భాషలో దీన్ని లికోడ్జో అంటారు, కుకోడ్జా అంటే ఒంటేలుకు పోవడం. డాక్టర్లు వాడే బిల్హార్జియా అన్న పేరు, 1851లో కైరోలో శవపరీక్ష చేస్తూ ఈ పురుగును చూసిన జర్మన్ వైద్యుడు థియోడర్ బిల్హార్జ్‌ది. నాకు ఊరివాళ్ల పేరే నచ్చింది. బాధ ఎక్కడో అందులోనే ఉంది.

ఆమె సిరంజిలోకి పది మిల్లీలీటర్లు లాగి, రూపాయి బిళ్లంత వడపోత గుండా నెమ్మదిగా నొక్కింది. దాన్ని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపు కిందికి తోసి, "చూడండి" అని పక్కకు జరిగింది. ముల్లున్న వడ్లగింజ! కోలగా ఉండి, ఒక కొసన సూది మొన. పక్కనే ఇంకొకటి, దాని పక్కన మూడు. పది మిల్లీలీటర్లలో యాభై దాటితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. వీడికి యాభై ఎప్పుడో దాటిపోయింది.

కళ్లు తియ్యకుండా ఆ గింజ వచ్చిన దారినే వెనక్కి నడవండి. పిల్లాడి మూత్రాశయం చుట్టూ అల్లుకున్న సన్నని సిరల్లో పురుగులు జంటలుగా కాపురముంటాయి. మగ పురుగు సెంటీమీటరు పైచిలుకు. ఒంటిని దోనెలా మడిచి ఆడదాన్ని అందులో పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి ఇద్దరూ అలాగే ఉంటారు. ఆడది రోజూ పదుల కొద్దీ, ఒక్కోసారి వంద పైన గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డూ సిర గోడను, మూత్రాశయం గోడను కరిగించుకుంటూ, గుచ్చుకుంటూ లోపలి ఖాళీలోకి రావాలి. ఒంటేలు అయిపోవచ్చే సమయానికి మూత్రాశయం పిండినట్టు ముడుచుకుంటుంది చూడండి, పుళ్లుపడ్డ గోడ అప్పుడు నెత్తురు చిమ్ముతుంది. అందుకే ఎరుపు ఆఖరి చుక్కల్లో.

ఇంతా చేసి బయటపడే గుడ్లు సుమారు సగమే. మిగతావి గోడలోనే ఇరుక్కుపోతాయి. అసలు కీడు చేసేవి అవే. పురుగు ఒంటికి తెలియకుండా బతకగలదు గాని గుడ్డు బతకలేదు. రక్తకణాలు దాని చుట్టూ మూగి గడ్డ కడతాయి, గుడ్డు చచ్చి సున్నంలా గట్టిపడుతుంది. ఇలా వేలకొద్దీ. సాగాల్సిన సంచి సాగదు. కొంచెం నిండగానే తన్నుకొస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు, వచ్చి కూర్చుంటే మళ్లీ అదే. ఆడపిల్లల్లో గుడ్లు గర్భాశయ ముఖానికీ చేరతాయి. ఆ పుండ్లను సుఖవ్యాధులని పొరబడి వాళ్లను నానా మాటలంటారు. అది వేరే కథ, దీనికంటే చేదు.

కుర్రాడిని గోడకు ఆనించిన కొలబద్ద పక్కన నిలబెట్టారు. బరువు తూచే పని లేదు, ఎత్తును బట్టే మోతాదు. వీడి ఎత్తుకు ప్రాజిక్వాంటెల్ రెండు మాత్రలు. లావు మాత్రలు, పరమ చేదు. పరగడుపున మింగితే కక్కేస్తారని ముందు ఫలా జావ తాగించింది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా డీఈసీ మాత్రలు ఎదురుగా నిలబడి మింగించిన ఆశా కార్యకర్తలు గుర్తొస్తారు. ఆ ఫైలేరియా పురుగు వల్లే మనవైపు కొందరికి మూత్రం పాలలా తెల్లగా పడుతుంది.

"రేపటి నుంచి నీళ్లలోకి దిగకు బాబూ" అని ఆమె చెప్పలేదు. చెప్పినా ఏం లాభం? మాత్ర పెద్ద పురుగుల్ని చంపుతుంది, నిన్నా మొన్నా దూరిన పసివాటిని వదిలేస్తుంది. మళ్లీ దూకితే మళ్లీ వస్తాయి. అయినా పసి మూత్రాశయానికి మానే గుణముంది. కొన్ని నెలల్లోనే గోడ చాలావరకు నునుపవుతుంది.

ఈ తెరిపి ఒడ్డున ఒకప్పుడు ఈ జబ్బు ఇంతగా లేదంటే నమ్ముతారా? నత్తల్ని తినే చేపలున్నాయి ఇక్కడ. ట్రెమటోక్రానస్ ప్లాకోడాన్ అనే దాని గొంతులో పళ్లు తిరగలి రాళ్లలా ఉంటాయి, పెంకుతో సహా నూరేస్తుంది. జనం పెరిగారు, ఒడ్డు వెంట వలలు పెరిగాయి, చేప తగ్గింది, నత్త పెరిగింది. జే స్టాఫర్ అనే చేపల శాస్త్రవేత్త బృందం ఈ గొలుసును 1990లలో ఈ ఊళ్లోనే పట్టుకుంది. ఒడ్డుకు దగ్గర్లో వల వెయ్యొద్దనడం సులువే, పొయ్యి మీద ఎసరు పెట్టాక వినేదెవరు?

సాయంత్రం క్లినిక్‌లో చివరి మనిషి ఒక ముసలి జాలరి. "బాంబో, పడుకోండి" అంది ఆమె. బాంబో అంటే ఇక్కడ నాన్నా, అయ్యా, రెండూ. పొట్ట మీద జెల్ రాసి స్కానింగ్ చేస్తుంటే తెర మీద మూత్రాశయం గోడ మందంగా, గరుకుగా కనిపించింది. పైన కిడ్నీ ఉబ్బి ఉంది. కిందికి దిగే గొట్టం మూసుకుపోతుంటే నీరు వెనక్కి తన్నుతోంది. ఇన్నేళ్లూ దానికి నొప్పే లేదు.

"రాత్రికి ఎన్నిసార్లు లేస్తారు?"

"ఎన్నిసార్లు పడుకుంటావని అడుగమ్మా."

ఈ మధ్య మళ్లీ ఎర్రగా పడుతోందన్నాడు. ఈసారి ఆఖరి చుక్కల్లో కాదు, మొదటి నుంచీ. ఆమె కలం ఆగింది. ఈ పురుగు మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో ఖాయం చేసింది. కెమెరా గొట్టం వేసి చూడాలి, ఇక్కడ లేదు, జిల్లా ఆసుపత్రికి వెళ్లాలని చీటీ రాసింది. గొట్టంలోంచి చూసే డాక్టర్లు ఆ గోడల మీది సున్నపు మచ్చల్ని ఇసుక మచ్చలంటారు.

"ఆ చేదు మాత్రలిస్తే సరిపోదా?" అన్నాడు ముసలాయన. ఇచ్చింది. ఒంట్లో పురుగులుంటే చస్తాయి. గోడలో గట్టిపడ్డదాన్ని ఏ మాత్రా కదిలించదు. ఆ మాట ఆమె ఇవాళ చెప్పలేదు.

రాత్రి. చంద్రుడు లేడు, ఉసిపా వేటకు మంచి అదను. ముసలాయన కొడుకులు పడవ తోసుకుపోయారు. తాను పోలేడు, పడవలో అరగంటకోసారి లేచి నిలబడేవాణ్ని ఎవరు ఎక్కించుకుంటారు? మూడోసారి లేచి దడి దగ్గరికి వచ్చాడు. సరస్సు మీద వేట దీపాలు వరసగా వెలుగుతున్నాయి. దడి పట్టుకుని వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదకొండో దీపం దగ్గర ధార మొదలైంది, పద్నాలుగో దాని దగ్గర ఆగిపోయింది.