కారు మీద సైకిలు: ఒక ఇంటర్‌ఫేస్ చరిత్ర

సైకిల్ ర్యాక్ కొందామని షాపుకెళితే అమ్మేవాడు ముందు సైకిల్ గురించి అడగడు. "మీ కారేంటి, ఏ సంవత్సరం మోడల్?" అంటాడు. నాలుగు ఇనప రాడ్లకి ఇంత జాతకం ఎందుకూ అనిపిస్తుంది. దాని వెనక పెద్ద కథే ఉంది.

అంబాసిడర్ టాక్సీల మీద క్యారియర్ గుర్తుందా? ట్రంకు పెట్టెలూ పరుపు చుట్టలూ మోసేది. దాని కాళ్ళు నిలబడేది పైకప్పు అంచునున్న సన్నటి గాడి మీద. వాన నీళ్ళు తలుపుల మీదకి కారకుండా పెట్టిన గాడి అది. అప్పట్లో ఏ దేశం కారుకైనా దాదాపు ఉండేది. ర్యాకుల కోసమని ఎవరూ పెట్టలేదు, కానీ ఉంది కదా అని అందరూ పట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని ఏపీఐ అన్నమాట!

ర్యాకులు చేసినవాళ్ళు కూడా బయటివాళ్ళే. స్వీడన్‌లో 1942లో ఎరిక్ థూలిన్ మొదలెట్టిన థూలే కంపెనీ ముందు అమ్మింది చేపలు పట్టే బోన్లు. రూఫ్ ర్యాక్ చేసింది 1962లో. అమెరికాలో 1973లో పుట్టిన యాకిమా కూడా మొదట కయాక్ పడవల సామాను చేసేది.

1973, 1979 చమురు సంక్షోభాల తర్వాత పెట్రోలు ఆదా కోసం కార్లని నున్నగా చెయ్యడం మొదలైంది. 1980ల నుంచి ఆ గాడి మెల్లగా మాయమైంది. ఇక ఏ కారుకి ఆ కారు కొలతల క్లిప్పులే. షాపువాడి ప్రశ్న అక్కడ పుట్టింది.

సైకిల్ వైపూ ఇదే తంతు. ముందు చక్రం తీసేసి ఫోర్కుని బిగించే ర్యాకులు 9 మి.మీ. క్విక్ రిలీజ్ ఇరుసుని నమ్ముకున్నాయి. 2008-09 ప్రాంతంలో 15 మి.మీ. త్రూ యాక్సిల్ వచ్చింది, తర్వాత 12 కూడా. ఇప్పుడు ఎడాప్టర్లు కొనుక్కోవాలి.

వీటన్నిటిలో బరువు కోసమే పుట్టింది ఒక్కటే, ట్రైలర్ తగిలించే హిచ్. అమెరికాలో దాని గొట్టం ఒకటింపావు అంగుళమో, రెండంగుళాలో ఉంటుంది. అందుకే హిచ్ ఉన్నవాళ్ళకి నా ఓటు దానికే, అందులోనూ టైర్లని పట్టుకునే రకానికి. కార్బన్ ఫ్రేముని నొక్కదు, ఇరుసు ఎంతైనా పట్టించుకోదు.

అయితే ర్యాక్ డబ్బా మీది అంకె ఒక్కటే చూసి కొనకండి. కారు, హిచ్, ర్యాక్, మూడింటి పరిమితుల్లో ఏది తక్కువైతే అదే మీ లెక్క. ర్యాక్ సొంత బరువు కూడా అందులోదే. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్ళు తేలిగ్గా 50 కిలోలు దాటేస్తాయి. పైకప్పు మీదైతే కారు మాన్యువల్లో రాసిన పరిమితి చూడాలి, ఇంటికొచ్చాక గరాజ్ ఎత్తు కూడా గుర్తుండాలి.

బిగించాక ర్యాకుని పట్టుకుని గట్టిగా ఊపండి. కారు ఊగాలి గానీ ర్యాక్ విడిగా ఊగకూడదు. ఓ ఇరవై ముప్ఫై కిలోమీటర్లు వెళ్ళాక ఆగి, పట్టీలూ బోల్టులూ మళ్ళీ బిగించండి. మన కోడ్ క్రాష్ అయితే రీస్టార్ట్ చేసుకుంటాం. హైవే మీద ఊడిపడ్డ సైకిలు మాత్రం వెనక వచ్చేవాడి అద్దానికి తగులుతుంది.