ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు: ఎప్పటి నుంచి, ఎన్నాళ్లు వాడాలి?

దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 2015-16 సర్వేలో ఇది 53 శాతం. రక్తహీనత నివారణకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది. 2018లో దీన్ని 'అనీమియా ముక్త్ భారత్' పేరుతో విస్తరించారు.

ఈ రెండింటి పని వేరు, వాడాల్సిన సమయం వేరు.

ఫోలిక్ యాసిడ్: శిశువు మెదడు, వెన్నుపాముగా ఎదిగే నాళం గర్భం దాల్చిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే మొదలుపెట్టి, గర్భం వచ్చాక 12 వారాల వరకు రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మొదటి బిడ్డకు వెన్నెముక లోపం ఉంటే ఇంకా ఎక్కువ మోతాదు అవసరం. దాన్ని వైద్యులే నిర్ణయించాలి.

ఐరన్: హిమోగ్లోబిన్ తయారీకి ఇది కావాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, ప్రసవం తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి.

అయితే, గర్భంతో ఉండగా 180 రోజులైనా ఈ మాత్రలు వాడిన తల్లులు 26 శాతమేనని అదే సర్వే చెబుతోంది. వికారం, మలబద్ధకం వల్ల, మలం నల్లబడుతోందన్న భయంతో కొందరు మధ్యలోనే మానేస్తారు. ఐరన్ వాడితే మలం నల్లబడటం మామూలే. కడుపులో తిప్పితే భోజనం తర్వాత వేసుకోవచ్చు. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. నిమ్మ, ఉసిరి వంటివాటిలోని విటమిన్-సి తోడైతే బాగా పడుతుంది. తలసేమియా ఉన్నవారు మాత్రం వైద్యుల సలహా లేకుండా ఐరన్ వాడకూడదు.